దూరపు కొండలు - పెరటి చెట్లు

ఇంటర్మీడియట్ చివరి పరీక్ష ముగిసిన నాటినుండి విద్యార్థి ఇంట ఒకే చర్చ సాగుతుంది. ఏమి చదవాలి అనే ప్రశ్న కన్నా ముందుగా ఎక్కడ చదవాలి అనే ప్రశ్న తలెత్తుతుంది. సొంత ఊరికి దగ్గరగా ఉన్న ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చేరడమా, హైదరాబాదు వంటి మహానగరంలోని విశ్వవిద్యాలయాన్ని వెతుక్కుంటూ పోవడమా అన్నది ఆ చర్చలోని ముఖ్యాంశం. బంధువులు ఒక మాట చెబుతారు, మిత్రులు మరొక మాట చెబుతారు. వేసవి గడిచేలోగా ఏదో ఒక నిర్ణయం జరిగిపోతుంది. ఆ నిర్ణయం వెనుక ఆలోచన ఎంత, ఆర్భాటం ఎంత అని నిలిచి ప్రశ్నించుకొనేవారు తక్కువ.

ఈ విషయంలో మన పెద్దలు చెప్పిన రెండు సామెతలు గుర్తుకు వస్తాయి. దూరపు కొండలు నునుపు అన్నది ఒకటి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నది మరొకటి. దూరాన ఉన్నదానిలోని గరుకుదనం కంటికి కనిపించదు, దగ్గర ఉన్నదానిలోని గుణం మనసుకు ఎక్కదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల విద్యార్థులు ఉన్నత విద్యను ఎన్నుకొనే తీరులో ఈ రెండు బలహీనతలూ కనిపిస్తాయి. ఈ మూడు జిల్లాలకు చెందిన విద్యార్థులలో అధిక సంఖ్యాకులకు డిగ్రీ చదువు సొంత జిల్లాలోనే సాగించి, ఆపైన విశ్వవిద్యాలయానికి వెళ్లడం మేలైన మార్గమని నా అభిప్రాయం. అది గతిలేక ఒప్పుకొనే రాజీ అని భావించనవసరం లేదు. అయితే ఈ మార్గం అందరికీ సరిపడదు. ఎవరికి సరిపడుతుందో, ఎవరికి సరిపడదో, ఎందుకో వివరంగా విచారించవలసి ఉంది.

ముందుగా ఈ నిర్ణయం బరువు ఎంతటిదో గ్రహించాలి. పాలమూరు పేరు చెప్పగానే దేశంలోని అనేక నగరాలవారికి వలస కూలీలు గుర్తుకు వచ్చిన కాలం ఒకటి ఉంది. ముంబయి, పూణే, బెంగళూరు నగరాలలో ఎత్తైన భవనాలకు, ఎక్కడెక్కడి ఆనకట్టలకు, కాలువలకు ఈ సీమ ప్రజలు తమ చెమటను ధారపోశారు. కృష్ణా తుంగభద్రలు రెండూ తాకి ప్రవహించే నేల అయినా మెట్టసేద్యమే ఆధారంగా బ్రతికిన కుటుంబాలు ఇక్కడ అనేకం. అటువంటి ఇంటినుండి డిగ్రీ తలుపు తట్టే విద్యార్థి చాలాసార్లు ఆ వంశంలోనే ఆ గడప తొక్కుతున్న మొదటి వ్యక్తి. అతని చదువు కోసం తండ్రి అప్పు చేయవచ్చు, ఉన్న రెండెకరాలలో ఒక ఎకరం అమ్మవచ్చు. తల్లి మరొక వలసకు మూట కట్టవచ్చు. పద్దెనిమిదేళ్ల విద్యార్థి తీసుకొనే ఈ నిర్ణయం ఒక కుటుంబపు అనేక సంవత్సరాల కష్టాన్ని ఒక దిక్కుకు మళ్లిస్తుంది. అందుచేత దీనిని ప్రతిష్ఠకు సంబంధించిన విషయంగా చూడడం తగదు.

చదువుకోసం ఊరు విడవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. గద్వాల సంస్థానం కవిపండితులను ఆదరించి విద్వద్గద్వాల అని పేరు పొందింది. వనపర్తి, జటప్రోలు సంస్థానాలు కూడా సాహిత్య పోషణలో ఖ్యాతి గడించాయి. కానీ ఆ విద్వత్తు ఆస్థానాలలో వెలిగినంతగా సామాన్యుల ఇళ్లలో వెలగలేదు. ఆధునిక ఉన్నత విద్య కావాలంటే దూరదేశం పోక తప్పని స్థితి చాలాకాలం కొనసాగింది. 1896లో నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని బోరవెల్లిలో జన్మించిన సురవరం ప్రతాపరెడ్డి కర్నూలు, హైదరాబాదు, మద్రాసు నగరాలకు వెళ్లి చదువుకొన్నారు. తిరిగి వచ్చి 1926లో గోలకొండ పత్రికను స్థాపించారు. 354 మంది తెలంగాణ కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. వారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన తొలి తెలుగు గ్రంథం. పై చదువుకు దారి వెతుక్కుంటూ మద్రాసు దాకా పోవలసి వచ్చిన ఆ నడిగడ్డ బిడ్డ పేరును 2025లో హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి పెట్టుకొన్నాం.

అటువంటి అవకాశం నాడు ఎందరికి దక్కింది? ఊళ్లో తెలివైన పిల్లలు లేక కాదు, నగరంలో తల దాచుకొనే చోటు లేక అనేకుల చదువు ఆగిపోయింది. ఈ వాస్తవాన్ని గుర్తించినవారిలో రాజా బహదూర్ వెంకట రామారెడ్డి ఒకరు. వనపర్తి సంస్థానంలో పుట్టి హైదరాబాదు నగర కొత్వాలు పదవి వరకు ఎదిగిన ఆయన 1918లో నగరంలో రెడ్డి హాస్టల్‌ను నెలకొల్పడానికి కారకులయ్యారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడినదీ ఆ సంవత్సరమే. సురవరం కొంతకాలం ఆ వసతిగృహ నిర్వహణ బాధ్యతను చూశారు. ఆ తరువాత వివిధ సామాజిక వర్గాలవారు తమ పిల్లల కోసం ఇటువంటి వసతిగృహాలను ఏర్పరచుకొన్నారు. విశ్వవిద్యాలయం తలుపులు తెరిచినంత మాత్రాన పల్లె విద్యార్థి అందులో అడుగుపెట్టలేడని, ఆ తలుపు పక్కన అన్నం పెట్టే ఇల్లు కూడా ఉండాలని ఆ తరం పెద్దలు గ్రహించారు. వంద సంవత్సరాలు గడిచినా ఈ సూత్రంలో మార్పు రాలేదు. నగరంలో సీటు రావడం ఒక ఎత్తు, అక్కడ నిలబడి చదువు పూర్తి చేయడం మరొక ఎత్తు.

స్వాతంత్ర్యం తరువాత విద్యాలయాలు మెల్లమెల్లగా ఈ సీమకు నడిచి వచ్చాయి. 1959లో వనపర్తి రాజభవనంలో పాలిటెక్నిక్ ఏర్పడింది. సంస్థానాధీశులు కొలువుతీరిన చోట రైతుబిడ్డలు యంత్రాల పాఠాలు నేర్చుకొన్నారు. గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరిట ప్రభుత్వ డిగ్రీ కళాశాల నడుస్తున్నది. ఒకనాడు సామాన్యుడు తలవంచుకొని నిలిచిన కోటగుమ్మంలోనుండి నేడు వారి మనుమలు పుస్తకాలు పట్టుకొని లోపలికి వెళ్తున్నారు. 2008లో మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఆవిర్భవించింది. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్‌లలో దాని స్నాతకోత్తర కేంద్రాలు వెలిశాయి. 2016లో ఈ మూడు ప్రాంతాలు ప్రత్యేక జిల్లాలుగా రూపొందిన తరువాత ఈ విస్తరణ మరింత వేగం పుంజుకొంది.

నేటి పరిస్థితిని ఒకసారి పరికించండి. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలో వ్యవసాయ కళాశాల ఉంది. వనపర్తి జిల్లా మోజెర్లలో ఉద్యాన కళాశాల, పెబ్బేరులో మత్స్యశాస్త్ర కళాశాల ఉన్నాయి. వనపర్తిలో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన ఇంజనీరింగ్ కళాశాల ఇటీవలి సంవత్సరాలలో ఆరంభమైంది. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలోను, 2024లో గద్వాలలోను ప్రభుత్వ వైద్య కళాశాలలు తరగతులు మొదలుపెట్టాయి. వీటిలో అనేకం రాజధానిలో ప్రధాన కార్యాలయం గల విశ్వవిద్యాలయాల సొంత కళాశాలలే. విశ్వవిద్యాలయం అంటే హైదరాబాదులోని ఒక ప్రాంగణమని, కళాశాల అంటే ఊళ్లోని ఒక చిన్న భవనమని మనం గీసుకొన్న గీత ఇప్పటికే చాలావరకు చెరిగిపోయింది.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవడం అవసరం. ఊళ్లోని డిగ్రీ కళాశాలలో చదివితే కళాశాల పట్టా మాత్రమే వస్తుందని, నగరానికి వెళ్తేనే విశ్వవిద్యాలయ పట్టా వస్తుందని అనేకమంది తల్లిదండ్రులు నమ్ముతారు. భారతదేశంలో 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసులలో తొలి ఆధునిక విశ్వవిద్యాలయాలు లండను విశ్వవిద్యాలయపు పద్ధతిలో ఏర్పడ్డాయి. బోధించే పని కళాశాలలది, పరీక్షలు జరిపి పట్టాలిచ్చే పని విశ్వవిద్యాలయానిది. ఈ అనుబంధ కళాశాలల విధానమే నేటికీ మన డిగ్రీ విద్యకు వెన్నెముక. గద్వాల కోటలోని కళాశాలలో బి.ఏ. పూర్తి చేసిన విద్యార్థికి లభించేది పాలమూరు విశ్వవిద్యాలయ పట్టాయే. మహానగరంలోనూ బి.ఏ., బి.కాం., బి.ఎస్సీ. చదివేవారిలో అత్యధికులు కూర్చొనేది అనుబంధ కళాశాలల తరగతి గదులలోనే. విశ్వవిద్యాలయ ప్రాంగణాల ప్రధాన కృషి స్నాతకోత్తర విద్యలోను, పరిశోధనలోను సాగుతుంది. కనుక హైదరాబాదు వెళ్లిన విద్యార్థి విశ్వవిద్యాలయంలో చదువుతున్నానని అనుకొంటూ, నిజానికి ఒక అద్దె భవనంలోని ప్రైవేటు డిగ్రీ కళాశాలలో మూడేళ్లు గడిపే అవకాశం లేకపోలేదు.

ఆ తరువాతి మెట్టు వద్ద కూడా ద్వారం అందరికీ ఒకటే. ఉస్మానియా, కాకతీయ, పాలమూరు మొదలైన విశ్వవిద్యాలయాలలో స్నాతకోత్తర కోర్సులకు ఉమ్మడి ప్రవేశపరీక్ష జరుగుతుంది. గద్వాలలో చదివినవారు, నగర నడిబొడ్డున చదివినవారు అదే ప్రశ్నపత్రానికి సమాధానాలు రాస్తారు. ఉపాధ్యాయ శిక్షణకు జరిగే ప్రవేశపరీక్ష అయినా, ప్రభుత్వ ఉద్యోగాల నియామక పరీక్ష అయినా అంతే. ప్రశ్నపత్రం అభ్యర్థి విషయ పరిజ్ఞానాన్ని పరీక్షిస్తుంది, అతడు చదివిన భవనం ఎన్ని అంతస్తులదో అడగదు. మూడేళ్లు ఇంటివద్ద ఉండి, ఖర్చు తగ్గించుకొని, విషయాన్ని క్షుణ్ణంగా నేర్చుకొన్న విద్యార్థి ఆ ద్వారం ముందు ఎవరికీ తీసిపోడు.

రెండు అంచెలలో ఉన్నత విద్యను పూర్తి చేయడం ఇతర దేశాలలోనూ గౌరవనీయమైన మార్గమే. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో 1901లో జోలియెట్ జూనియర్ కళాశాల ఆరంభమైంది. ఉన్నత పాఠశాల ముగించిన విద్యార్థులు విశ్వవిద్యాలయపు మొదటి రెండేళ్ల చదువును సొంత పట్టణంలోనే చదువుకోవాలన్నది దాని ఆశయం. చికాగో విశ్వవిద్యాలయ అధ్యక్షుడు విలియం రెయినీ హార్పర్ ఈ ఆలోచనకు అండగా నిలిచాడు. ఆ విత్తనమే పెరిగి పెద్దదై, నేడు కమ్యూనిటీ కళాశాలలుగా ఆ దేశమంతటా విస్తరించింది. శ్రామికుల పిల్లలు, వలస వచ్చినవారు, ఉద్యోగం చేస్తూ చదివేవారు అక్కడ రెండేళ్లు చదివి, తరువాత విశ్వవిద్యాలయంలో మూడవ సంవత్సరంలో చేరుతారు. చివరకు వారి చేతికి వచ్చేది ఆ విశ్వవిద్యాలయపు పట్టాయే. మన దేశంలోనూ విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2013లో కమ్యూనిటీ కళాశాలల పథకాన్ని ప్రవేశపెట్టింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం ఒక సంస్థలో సంపాదించిన క్రెడిట్లను మరొక సంస్థకు మార్చుకొనే వీలును ప్రతిపాదించగా, 2021లో అందుకోసం క్రెడిట్ల బ్యాంకు ఏర్పడింది.

అయితే ఈ నిచ్చెన మనకు పూర్తిగా కొత్తది కాదు. పదవ తరగతి తరువాత పాలిటెక్నిక్‌లో చేరి మూడేళ్ల డిప్లొమా పూర్తి చేసినవారు ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండవ సంవత్సరంలో నేరుగా చేరే పద్ధతి చిరకాలంగా అమలులో ఉంది. మీ ఊళ్లోనే మీకన్నా నాలుగైదేళ్లు పెద్దవారిని అడిగి చూడండి. పాలిటెక్నిక్ చదివాడని ఒకనాడు చిన్నచూపుకు గురైనవాడు ఆ నిచ్చెన ఎక్కి పట్టభద్రుడైన ఉదాహరణ ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. విద్యాలయం విలువను కొలిచేటప్పుడు అది ఎంత పెద్దది అని చూడడంతో ఆగిపోకూడదు. అక్కడినుండి పై మెట్టుకు దారి ఉన్నదా లేదా అన్నదే అసలైన కొలబద్ద. దారి ఉన్న చిన్న కళాశాల మేలు. దారి మూసుకుపోయే పెద్ద కళాశాల వల్ల ప్రయోజనం స్వల్పం.

బాలికల విషయంలో సమీప కళాశాల ప్రాధాన్యం ఇంకా ఎక్కువ. ఇంటర్మీడియట్ పూర్తయిన వెంటనే ఆడపిల్ల చదువుకు ముగింపు పలకాలని చూసే ఇళ్లు నేటికీ ఉన్నాయి. అమ్మాయిని నగరానికి పంపడమా అనే భయం, చుట్టుపక్కలవారి మాటలు, సంబంధం కుదిరిందనే తొందర, ఇవన్నీ కలిసి ఆ ఇంటి నిర్ణయాన్ని నడిపిస్తాయి. ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగల దూరంలో కళాశాల ఉన్నప్పుడు ఆ ఇంట మరొక మూడేళ్ల గడువు లభిస్తుంది. ఆ మూడేళ్లు సామాన్యమైనవి కావు. పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఇరవై ఒక్క సంవత్సరాల పట్టభద్రురాలు అవుతుంది. తన అభిప్రాయాన్ని తండ్రి ముందు నిలబడి చెప్పగల ధైర్యం వస్తుంది. అప్పుడు విశ్వవిద్యాలయానికి వెళ్తానని ఆమె అడిగితే, కాదనడం ఇంటివారికి మునుపటంత తేలిక కాదు. నాగర్‌కర్నూల్ పట్టణానికి రైలు మార్గం లేదు. వనపర్తి రోడ్డు రైలు స్టేషను వనపర్తి పట్టణానికి దూరంగా ఉంది. ఇటువంటి ప్రాంతంలో పల్లెనుండి కళాశాలకు సమయానికి నడిచే ఒక ఆర్టీసీ బస్సు ఎందరో అమ్మాయిల చదువును కాపాడగలదు.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి విశ్వవిద్యాలయ జీవితాన్ని తక్కువ చేస్తున్నామని భావించరాదు. పెద్ద గ్రంథాలయం, పరిశోధనలో మునిగి ఉండే ఆచార్యులు, వివిధ ప్రాంతాలనుండి వచ్చిన సహాధ్యాయులు, రాత్రి పొద్దుపోయే వరకు సాగే చర్చలు, ఇవన్నీ ఒక యువకుని మనసును విశాలం చేస్తాయి. ఊళ్లో కులం పేరుతోనో, ఇంటి పేరుతోనో గుర్తింపబడిన విద్యార్థి అక్కడ తన ప్రతిభతో గుర్తింపబడే అవకాశం ఉంటుంది. ఇంటి నీడనుండి బయటపడి సొంతంగా నిర్ణయాలు తీసుకోవడం కూడా చదువులో భాగమే. ఈ మేలును కాదనడం అన్యాయం. అందుకే ప్రతి విద్యార్థీ ఏదో ఒక దశలో విశ్వవిద్యాలయ వాతావరణంలో గడపాలని కోరుకోవడం సమంజసం. ఆ దశ పద్దెనిమిదవ ఏటనే రావాలా, ఇరవై ఒకటవ ఏట వచ్చినా చాలునా అన్నదే మన ముందున్న ప్రశ్న.

పద్దెనిమిదవ ఏటనే వెళ్లవలసినవారు కొందరు తప్పక ఉంటారు. తాము ఎన్నుకొన్న శాస్త్రం సొంత జిల్లాలో లేనప్పుడు ఆలస్యం చేయడం అవివేకం. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం ఇంటర్మీడియట్ తరువాత చేరదగిన అయిదేళ్ల సమీకృత స్నాతకోత్తర కోర్సులను నిర్వహిస్తున్నది. విదేశీ భాషలను అభ్యసించాలనుకొనేవారికి ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. జాతీయ స్థాయి సాంకేతిక, వైజ్ఞానిక సంస్థలలో ప్రవేశం సాధించినవారు కూడా వెనుకాడవలసిన పని లేదు. ఈ సంస్థలు ప్రభుత్వ నిధులతో నడిచేవి. వసతిగృహాలు, ఉపకార వేతనాలు అక్కడ లభిస్తాయి. ఇటువంటి చోట సీటు వచ్చిన పేద విద్యార్థి, మనవంటివారు అక్కడ నెగ్గుకురాగలరా అని సందేహించి ఆగిపోతే, ఆ నష్టం అతనొక్కడిది కాదు. అతని వెనుక రాదగినవారికి కూడా దారి తెలియకుండా పోతుంది.

అసలు ప్రమాదం ఈ రెండింటి మధ్య పొంచి ఉంది. వేసవి వచ్చిందంటే రంగురంగుల కరపత్రాలు పట్టుకొని ప్రతినిధులు పల్లెలకు వస్తారు. నగర శివారులోని తమ కళాశాలలో చేరితే ఉద్యోగం ఖాయమని నమ్మబలుకుతారు. భవనాల ఫొటోలు చూపుతారు, బస్సు సౌకర్యం గురించి చెబుతారు. ఏ శాఖకు ఎందరు అధ్యాపకులున్నారో చెప్పరు. మేనేజిమెంటు కోటాలో సీటుకు, హాస్టలుకు, పరీక్షలకు, ఇంకా పేరు తెలియని వాటికి కలిపి నాలుగేళ్లలో ఎంత చెల్లించవలసి వస్తుందో ఒక కాగితం మీద రాసి ఇవ్వరు. ప్రభుత్వం చెల్లించే ఫీజు రీయింబర్స్‌మెంటు మీద ఆధారపడి చేరినవారికి కూడా, నిధుల విడుదల ఆలస్యమైన సందర్భాలలో చదువు పూర్తయినా ధ్రువపత్రాలు చేతికి అందక ఇక్కట్లు ఎదురవుతాయి. ఇటువంటి కళాశాలలలో ఊళ్లోని కళాశాలలో దొరికే ఆదా ఉండదు, విశ్వవిద్యాలయంలో దొరికే విద్వత్తూ ఉండదు. మిగిలేది అప్పు. ఎకరం అమ్మి కొనుక్కొనే ఈ ప్రతిష్ఠ ఎన్నాళ్లు నిలుస్తుందో తల్లిదండ్రులు ఆలోచించాలి.

మరి మన ఊళ్లోని ప్రభుత్వ కళాశాలలు లోపరహితంగా ఉన్నాయా? లేవు. అధ్యాపక పోస్టులు ఖాళీగా ఉండి అతిథి అధ్యాపకులతో పాఠాలు నడిచే చోట్లు ఉన్నాయి. ప్రయోగశాలలో పరికరాలు చాలక, ఉన్నవాటిని అద్దాల అరలో దాచి ఉంచే చోట్లు ఉన్నాయి. మరొక లోపం విద్యార్థుల వైపునుండే ఉంది. పేరు నమోదు చేయించుకొని, ఉపకార వేతనానికి దరఖాస్తు పెట్టుకొని, పరీక్షల నాటికి గాని ముఖం చూపనివారి వల్ల తరగతి గది బోసిపోతుంది. విద్యార్థులు రారని అధ్యాపకుడు నిరుత్సాహపడతాడు, పాఠం జరగదని విద్యార్థి రావడం మానుకొంటాడు. ఈ విషవలయాన్ని ఛేదించకుండా సొంత జిల్లాలో చదవండి అని బోధించడం సరికాదు. జిల్లా కేంద్రాలలో కొత్త భవనాలు కట్టడంతో పాటు వాటిలో శాశ్వత అధ్యాపకులను నియమించడం ప్రభుత్వ కర్తవ్యం. ప్రతిరోజూ తరగతికి హాజరై, పాఠం కావాలని అడగడం విద్యార్థుల కర్తవ్యం. పాఠం అడిగేవారు పదిమంది ఉన్న తరగతిని ఏ అధ్యాపకుడూ తేలికగా తీసుకోలేడు.

కళాశాలను ఎన్నుకొనే ముందు చేయదగిన పని ఒకటి ఉంది. 2016 నుండి రాష్ట్రంలో డిగ్రీ ప్రవేశాలు దోస్త్ అనే ఆన్‌లైన్ విధానంలో జరుగుతున్నాయి. కంప్యూటర్ ముందు కూర్చొని కళాశాలల పేర్లను వరుసగా ఎంపిక చేసే ముందు, ఆ కళాశాలలను స్వయంగా చూసి రావాలి. నేను చదవదలచిన విషయానికి అధ్యాపకులు ఎందరున్నారు? ప్రయోగశాల తెరిచి ఉంటుందా? గ్రంథాలయంలోని పుస్తకాలు విద్యార్థులకు ఇస్తున్నారా? గత సంవత్సరం ఇక్కడ చదివినవారు ఇప్పుడెక్కడ ఉన్నారు? ఇంటినుండి రాకపోకలకు ఎంత సమయం, ఎంత ఖర్చు? ఈ ప్రశ్నలను దగ్గరి కళాశాలకూ వేయాలి, దూరపు కళాశాలకూ వేయాలి. జవాబులను ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకొంటే సగం సందేహాలు వాటంతటవే తొలగిపోతాయి. ఆ కాగితాన్ని తల్లిదండ్రులకు చదివి వినిపించాలి. అక్షరం రాని తండ్రికి కూడా లెక్క అర్థమవుతుంది, బిడ్డ ఆలోచించి అడుగు వేస్తున్నాడనే నమ్మకమూ కలుగుతుంది.

సొంత నేలపై చదవడంలో మరొక లాభం ఉంది. చరిత్ర విద్యార్థికి అలంపురంలోని నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల శిల్పకళను కళ్లకు కట్టిస్తాయి. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన వృక్షశాస్త్ర విద్యార్థికి నల్లమల అడవి తెరిచిన గ్రంథం. అక్కడి చెంచుల జీవనం సామాజిక శాస్త్రాల విద్యార్థికి అధ్యయన క్షేత్రం. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన గద్వాల చీర వెనుక ఉన్న నూలు, పట్టు, మజూరీ, మార్కెట్టు లెక్కలు వాణిజ్యశాస్త్ర విద్యార్థికి ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకని పాఠాలు. సీడు పత్తి సాగు చేసే నడిగడ్డ రైతు చేను జన్యుశాస్త్రానికీ అర్థశాస్త్రానికీ కూడా ప్రయోగశాలే. నగరంలోని పరిశోధకులు ఎంతో దూరం ప్రయాణించి వచ్చి సేకరించే సమాచారం ఇక్కడి విద్యార్థికి సాయంత్రపు నడకలో లభిస్తుంది. దానిని చూడగల కన్ను కావాలి. ఆ కన్ను తెరిపించగల ఒక మంచి అధ్యాపకుడు కావాలి.

ఇంటి పరిస్థితుల వల్ల ఏ కళాశాలకూ రోజూ వెళ్లలేనివారు కూడా నిరాశ చెందనవసరం లేదు. 1982లో హైదరాబాదులో దేశంలోనే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. అదే నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దుకాణంలో పనిచేసేవారు, మగ్గం మీద కూర్చొనేవారు, పెళ్లి అయి అత్తవారింట ఉన్నవారు దాని ద్వారా పట్టభద్రులైనారు. ఒక ఏడాది ఆగినా, రెండేళ్లు ఆగినా చదువు తలుపు శాశ్వతంగా మూసుకుపోదని ఆ సంస్థ నిరూపించింది.

కనుక విద్యార్థులు ముందుగా విషయాన్ని ఎన్నుకోవాలి. ఆ విషయం సొంత జిల్లాలో సక్రమంగా బోధింపబడుతుంటే అక్కడే చేరి, మూడేళ్లు శ్రద్ధగా చదివి, తరువాత విశ్వవిద్యాలయపు మెట్లు ఎక్కాలి. ఆ విషయం ఇక్కడ లేకపోతే, ఎంత దూరమైనా ప్రభుత్వ విశ్వవిద్యాలయాన్ని వెతుక్కొని ధైర్యంగా వెళ్లాలి. కేవలం పేరు కోసం, పక్కింటివారి పిల్లవాడు వెళ్లాడన్న కారణం కోసం కుటుంబాన్ని అప్పులపాలు చేయరాదు. దూరపు కొండ ఎక్కవలసి వస్తే దాని గరుకుదనం తెలుసుకొనే ఎక్కాలి. పెరటి చెట్టులో మందు ఉంటే దానిని గుర్తించి వాడుకోవాలి. ఆ చెట్టుకు నీరు పోయడం మాత్రం పాలకులు, అధ్యాపకులు, విద్యార్థులు అందరూ కలిసి చేయవలసిన పని. ఆ పని సక్రమంగా జరిగిన నాడు విద్వద్గద్వాల అన్న పేరు ఒక ఆస్థానానికి పరిమితం కాకుండా, ఈ సీమలోని ప్రతి పల్లెకూ వర్తిస్తుంది.